తాగని కాఫీ

విశ్వవిద్యాలయానికి కొత్త అధ్యక్షుడైన డాక్టర్ నాయిఫ్ చిన్నప్పుడు మేకలు కాశాడు, పెద్దయ్యాక ముప్పై ఏళ్ళు రాళ్ళ గురించి పాఠాలు చెప్పాడు. ఇప్పటికీ కోటు జేబుల నిండా గులకరాళ్ళే. ఏదైనా తేల్చుకోవాలంటే ఒకటి తీసి నాలుకకు తగిలిస్తాడు. పెదనాన్న ముత్లఖ్ అతనికి అభినందన విందు చేశాడు. గుడారం నిండా చుట్టాలు, ప్రతివాడి చేతిలో కొడుకు ఉద్యోగానికి ఒక అర్జీ. నాయిఫ్ ఒక రాయి నాకి చూసుకుని, చేతికిచ్చిన చేదుకాఫీ తాగకుండా కింద పెట్టేశాడు. వాళ్ళ ఎడారి తెగల ఆచారంలో అతిథి అలా పెట్టాడంటే ఏదో అడగబోతున్నాడన్నమాట. కాదంటే పిలిచినవాళ్ళకే తలవంపులు.

"తాగరా, నువ్వడిగింది ఇచ్చేశాను," అన్నాడు ముసలాయన.

"నేను పదవిలో ఉన్నన్నాళ్ళూ మనవాళ్ళెవరూ నన్ను ఉద్యోగాలడక్కూడదు, పెదనాన్నా."

చుట్టాలు నోళ్ళు వెళ్ళబెట్టారు. "దొంగ వెధవా! మా కాఫీతో మాకే టోపీ పెడతావా?" అని గుడారం అదిరేలా అరిచాడు ముత్లఖ్. తర్వాత చల్లారిన కాఫీ పారబోసి, వేడిది పోసే వంకతో వంగి, చెవిలో అన్నాడు: "బతికించావురా. నెల రోజులుగా వీళ్ళు నా ప్రాణం తోడేస్తున్నారు."