కప్లింగ్ ఆపినా లేవని గీత

కోవిడ్ సద్దుమణిగాక రెండో చలికాలం. దక్షిణ ఢిల్లీలో ఒక ఫిజిక్స్ ల్యాబ్ బేస్‌మెంట్. క్వాంటమ్ ఎన్‌టాంగిల్‌మెంట్‌ను ఆ గదిలోకి దించినవాణ్ణి నేనే. సరే, దించింది గ్రేస్ అనే పీహెచ్‌డీ అమ్మాయి. నేను అక్కడి టెక్నికల్ ఆఫీసర్‌ని. క్రయోస్టాట్ బోల్టులు బిగించాను. క్రయోస్టాట్ అంటే అంతరిక్షం కన్నా చల్లగా ఉండే ఫ్రిజ్.

అందులో రెండు ఆసిలేటర్లు, అంటే ఊగే వస్తువులు. కంటికి ఆనని డ్రమ్ములనుకోండి. ఎంత చల్లార్చినా వాటిలో ఒక చివరి వణుకు మిగులుతుంది. దాన్ని ఏ ఫ్రిజ్జూ తీసేయలేదు. మైక్రోవేవ్‌తో రెండింటినీ ముడివేయడమే కప్లింగ్. ముడి నిజంగా పడితే, రెండింటినీ కలిపి కొలిచినప్పుడు, తెర మీద వణుకును చూపే గీత ఆ చివరి వణుకు మట్టం కన్నా కిందికి దిగుతుంది. విడివిడిగా చూస్తే గోల, జంటగా చూస్తే నిశ్శబ్దం. అదే ఎన్‌టాంగిల్‌మెంట్.

గ్రేస్ ఫెలోషిప్ ఆ నెలాఖరుతో సరి. ఈ ఫలితం రాకపోతే థీసిస్ లేదు. ఒక మధ్యాహ్నం తెర మీద గీత దిగింది. ప్రొఫెసర్ గారు బర్ఫీ తెప్పించారు.

“అంకుల్, ఏక్ బార్ కప్లింగ్ ఆఫ్ చేస్తారా?” అంది గ్రేస్.

“ముందు తీపి తినమ్మా.”

“ఆఫ్ చేస్తే గీత పైకి లేవాలి కదా. చూద్దాం.”

ఆపాను. లేవలేదు.

“అరే యార్!” అని కుర్చీలో కూలబడింది. “రెండు డ్రమ్ములకీ ఒకే యాంప్లిఫయర్ పెట్టాం సర్. దాని గోలే రెండిట్లోనూ ఉంది. ఒకదాన్లోంచి ఇంకోటి తీసేసి లెక్కకట్టేసరికి అది పోయింది, అంతే.”

చలికి తట్టుకునే యాంప్లిఫయర్లు దొరకవు. మావాళ్లకు ఒక్కదానితో సర్దుకోవడం అలవాటే.

“సెల్ఫ్ గోల్ కొట్టావు బేటీ,” అన్నారు ప్రొఫెసర్ గారు.

“ఇప్పుడిది ఎవరడిగారు తల్లీ?” అన్నాను నేను, సగం సరదాగా.

“నేనే అడిగాను కదా అంకుల్.”

పక్క ల్యాబ్ నుంచి రెండో యాంప్లిఫయర్‌ను ఒంటిచేత్తో ఎత్తుకొచ్చాను. అగ్గిపెట్టెంత ఉంటుంది లెండి. ఫ్రిజ్ వేడెక్కించి, దాన్ని అమర్చి, మళ్లీ చల్లార్చేసరికి ఫెలోషిప్ గడువు దాటిపోయింది. గ్రేస్ కటవారియా సరాయ్‌లో అద్దె గది ఖాళీ చేసి, ఢిల్లీ శివారు వైశాలిలో నర్సుగా ఉన్న వాళ్లమ్మ దగ్గరికి చేరింది. అక్కణ్ణుంచి రోజూ మెట్రోలో వచ్చేది.

మళ్లీ కొలిచాం. గీత దిగింది, ఈసారి కొద్దిగానే. కప్లింగ్ ఆపాను. లేచింది. కలిపాను. దిగింది. వేరువేరుగా కూర్చున్న రెండు లోహపు ముక్కలు, వాటి లోలోపలి వణుకును పంచుకుంటున్నాయి.

“మైక్రోవేవ్ తీసేసి, మధ్యలో గురుత్వాకర్షణ ఒక్కటే ఉంచినా ఇలా ముడిపడితే, గురుత్వాకర్షణ కూడా క్వాంటమే అన్నమాట,” అంది గ్రేస్ మెల్లగా.

“నేనుండగా చూస్తానా?”

“ముష్కిల్ అంకుల్. దానికి ఇంకా బరువైనవి కావాలి, ఇంకా నిశ్శబ్దం కావాలి.”

ఆ గీతతోనే ఆమె థీసిస్ ఇచ్చింది. యంత్రం ఆగకుండా చూడటమే నా ఉద్యోగం అనుకుంటూ జుట్టు నెరిసేదాకా గడిపాను. గెలిచామనుకున్న క్షణాన దాన్ని ఆపి చూడటం కూడా ఉద్యోగమేనని ఆ అమ్మాయి దగ్గర తెలిసింది. రెండోసారి కప్లింగ్ ఆపే ముందు స్విచ్ మీంచి వేలు తీసి, చేతులు రుద్దుకున్నాను. చలికి అన్నాను. గదిలో హీటర్ వెలుగుతూనే ఉంది.