ఆ వీడియోలో నేను ఏడవలేదు

ఇన్నేళ్లుగా అడుగుతున్నా ఒక్కరూ నా మాట చెవిన పెట్టలేదు కాబట్టి ఇది రాస్తున్నాను. ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేస్తే "చూద్దామండీ" అన్నారు. మా బావమరిదిని పంపితే టీ ఇచ్చి పంపేశారు. నేనే స్వయంగా గుంటూరు వెళ్తే టీ కూడా ఇవ్వలేదు. అది నేను మరిచిపోయానని ఎవరైనా అనుకుంటుంటే పొరపాటు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మా ఊళ్లకు ఒక స్వచ్ఛంద సంస్థ వ్యాను వచ్చేది. పంట పోయినవాళ్లకు ధైర్యం చెప్పడం వాళ్ల పని. బడిలో పెద్ద గది కిటికీలకు గోనెపట్టాలు కట్టి, పట్టపగలే చీకటి చేసి, టీవీలో సీడీలు వేసేవారు. బోడికొండ మీద ఒక్కడే మొక్కలు నాటి అడవి పెంచిన ముసలాయన. తుఫానులో పడవ ముక్కలైతే ఆ చెక్కలే ఏరుకుని మళ్లీ కట్టుకున్న వాడరేవు జాలరి. ఒంటిచేత్తో సేద్యం చేసే ఒకావిడ.

నాకు ఆ వీడియోల పిచ్చి పట్టింది. మా ఊళ్లో చూసింది చాలక, పక్క ఊళ్లో వేస్తున్నారంటే సైకిలేసుకుని పోయి అదే సీడీ మళ్లీ చూసేవాణ్ణి. ముసలాయన కొండెక్కుతుంటే బెంచీ కింద నా కాళ్లు వాటంతటవే కదిలేవి. బయటికొచ్చాక పత్తిచేల మధ్య, మండుటెండలో, గొంతెత్తి పాడుకుంటూ ఇంటికొచ్చేవాణ్ణి. ఆ ఊపులో ఒకసారి మా గట్టు పొడుగునా మునగ మొక్కలు నాటాను. మా గేదె తినేసింది. ఆ గేదె మీద నాకిప్పటికీ కోపమే.

ఆ మరుసటి వేసవి మొదట్లో, మిరపకాయలు కల్లంలో ఆరబోసి ఉండగా, అకాలవర్షం పడింది. పట్టాలు కప్పేలోపే కాయంతా నానిపోయింది. రెండు రోజులకు ఎర్రటి కాయ తెల్లబడి తాలుగా మారింది. ఇంక జన్మలో మిరప వెయ్యనని మా ఆవిడ ముందు ఒట్టు పెట్టుకున్నాను. కూలికొచ్చిన ఆడవాళ్లతో కలిసి ఇద్దరం మంచికాయ, తాలుకాయ వేరు చేస్తూ కూర్చున్నాం. నాని చితికిన కాయ అంటితే మోచేతి దాకా మంట.

అప్పుడొచ్చింది ఆ వ్యాను. ఈసారి సీడీలతో కాదు, కెమెరాతో.

"మీ మీద వీడియో తీస్తామండీ. కష్టాన్ని తట్టుకుని నిలబడిన రైతుగా" అన్నారు టోపీ పెట్టుకున్న డైరెక్టరు గారు.

కొండ మీది ముసలాయన సరసన నేను! పంట పోయిన సంగతే మరిచిపోయి తెల్లచొక్కా వేసుకొచ్చాను.

"ఏందయ్యా, తాలుకాయలేరటానికి పెళ్లికొడుకు వేషమా?" అంది మా ఆవిడ.

ఆవిడ గురించి ఒకటి చెప్పాలి. ముందుపళ్లు కాస్త ఎత్తు. చిన్నప్పుడు ఎవరు ఏమన్నారో ఏమో, కెమెరా కనబడితే చాలు, చెయ్యి మూతికి అడ్డం వెళ్లిపోతుంది. మా పెళ్లిఫోటోలో మూతి బిగించుకుని, నా మీద కేసు పెట్టడానికి వచ్చినట్టుంటుంది. ఇంట్లో నవ్విందంటే మాత్రం వీధి చివర కిళ్లీకొట్టు దాకా వినబడుతుంది. ఆ నవ్వుకు మా ఇంట్లో ఒక్క ఫోటో కూడా లేదు.

డైరెక్టరు గారు నన్ను కల్లం మధ్యలో నిలబెట్టారు. "పెద్దాయనా, దోసిలి నిండా కాయలు తీసుకుని, కళ్లు మూసుకుని, గుండె నిండా వాసన పీల్చండి. నేలకూ మీకూ ఉన్న బంధం కనబడాలి."

"మిరపకాయనెవరూ అట్టా వాసన చూడరండీ."

"కెమెరాకి బాగుంటుందండీ."

నాకప్పటికి నలభై కూడా నిండలేదు, పెద్దాయన అన్నారు. అదీ గుర్తుంది. అయినా వీడియోలో పడాలన్న ఆశ కొద్దీ పీల్చాను. తుమ్ము మీద తుమ్ము. కళ్లలోకి చెమట కారుతుంటే అదే చేత్తో తుడుచుకున్నాను. ఇక చూడండి, రెండు కళ్లలోనూ నిప్పులు పోసినట్టయింది.

"అద్భుతం! అట్లాగే ఉండండి!" అని అరుస్తూ డైరెక్టరు గారు పరుగెత్తుకొచ్చి, కాయలు గాల్లోకి ఎలా ఎగరెయ్యాలో తనే చేసి చూపించారు. ఎండకు మళ్లీ ఎండిన కాయ నుంచి గింజా, ఘాటూ ఎదురుగాలికి లేచి నేరుగా ఆయన ముఖాన పడ్డాయి. కెమెరా పట్టిన అబ్బాయి కెమెరాను స్టాండు మీదే వదిలేసి తుమ్ముకుంటూ గట్టు దాటాడు.

పక్క కల్లం బాబాయి పరుగున వచ్చాడు. "ఒరేయ్, నీళ్లు! నీళ్లు పొయ్యండ్రా!" అంటూ చేతికందిన బకెట్టెత్తి డైరెక్టరు గారి ముఖం మీద కుమ్మరించాడు.

"అయ్యో బాబాయ్, అయ్యి మేం పొద్దుట్నుంచి చేతులు కడుక్కున్న నీళ్లు!" అని కేకేసింది ఒక కూలావిడ.

డైరెక్టరు గారు పెట్టిన కేకకు కాలవ గట్టు మీది కొంగలన్నీ లేచిపోయాయి.

అప్పుడు నవ్వింది మా ఆవిడ. చెయ్యి అడ్డం పెట్టుకుందామంటే మోచేతుల దాకా మిరపగుజ్జు, పెదాలు కాలిపోతాయి. అందుకని రెండు చేతులూ ఎడంగా గాల్లో పెట్టి, తల వెనక్కి వేసి, పళ్లన్నీ బయటపెట్టి నవ్వింది. నేను ఒక కన్ను చిట్లించి చూశాను. స్టాండు మీది కెమెరాకు ఎర్రదీపం వెలుగుతోంది. సరిగ్గా ఆవిడ వైపే తిరిగి ఉంది.

ఆ తర్వాత ఎవరమూ ఆగలేకపోయాం. పోయిన పంట మీద కూలబడి, కడుపు పట్టుకుని నవ్వాం. ముఖానికి మజ్జిగ పూసుకున్న డైరెక్టరు గారూ నవ్వారు.

"వచ్చే ఏడూ మిరపే వేద్దామయ్యా. ఇంత తమాషా పత్తిలో ఉండదు" అంది మా ఆవిడ. నా ఒట్టు అక్కడే పోయింది. మిరపే వేశాం.

నెల తర్వాత సీడీ తెచ్చి బడిలో వేశారు. వెనక వేణువు. తెర నిండా నా ముఖం, ధారగా కన్నీళ్లు. "సర్వం కోల్పోయిన ఈ రైతు కన్నీరు నేలను తడిపింది" అని ఒక గొంతు. మా ఊరు మొత్తం బెంచీలు కొట్టి నవ్వింది. మా ఆవిడది ఒక్క వీపు కనబడింది, అదీ రెప్పపాటు.

మా ఊరికి నిజం తెలుసు. బయట ఊళ్లకెట్లా తెలుస్తుంది? మార్టూరులో పెళ్లికి వెళ్తే, రాయి పాలిష్ పట్టే యూనిట్ నడిపే దూరపు చుట్టం ఎదురొచ్చి నన్ను గట్టిగా వాటేసుకుని "ధైర్యంగా ఉండు బావా" అన్నాడు. బంతిలో నా విస్తరి దగ్గర గోంగూర పచ్చడి దాటేశారు, మిరప గుర్తొచ్చి బాధపడతానని! నాకు!

గుంటూరులో ఆ సంస్థ ఆఫీసుకు పోయి మా ఆవిడ నవ్విన ముక్క ఏమైందని అడిగితే, "అది ఎడిటింగులో పోయిందండీ. ధైర్యం చెప్పే వీడియోలో నవ్వులుంటే బాగోదు కదా" అన్నాడు అక్కడి కుర్రాడు. మా ఆవిడ నవ్వకపోతే నేను మళ్లీ మిరప వేసేవాణ్ణే కాదని చెప్పాను. వినలేదు. కొండ మీది ముసలాయన కూడా ఎప్పుడో ఒకప్పుడు జారిపడి నవ్వే ఉంటాడు. ఆ ముక్కనూ కత్తిరించారేమో.

ఇప్పుడు ఫోన్లలోనే కెమెరాలొచ్చాయి. నేనూ ఒకటి కొన్నాను. ఎత్తితే చాలు, ఆవిడ చెయ్యి లేస్తుంది. మిరపగుజ్జులో చేతులు పెట్టి కాసేపు కూర్చోమని అడిగాను కూడా. "నీకు మతి పోయిందయ్యా" అని పడీపడీ నవ్వింది. చెయ్యి అడ్డం పెట్టుకునే.

అయ్యా డైరెక్టరు గారూ, నా కన్నీళ్లు మీరే ఉంచుకోండి. ఇంకో పది ఊళ్లలో చూపించుకోండి, వేణువు బదులు సన్నాయి పెట్టుకోండి, అడగను. ఆవిడ నవ్విన ఆ కాసింత టేపు మాత్రం మాది. ఆ రోజు మీ ముఖానికి పూసింది మా ఇంటి మజ్జిగే, ఆ సంగతైనా గుర్తు తెచ్చుకోండి. ఆ టేపు మీ బీరువాలో ఉందా, లేదా? చూద్దామని మాత్రం అనకండి. ఉందా, లేదా?