పడుగు పరిచిన దారినే బస్సొచ్చింది

డెబ్బైల చివరి మాట. నేను బి.ఏ. పాసయ్యాను! మా ఇంట్లోనే కాదు, మా నేతగాళ్ల వీధి మొత్తానికి మొదటిదాన్ని. ఫలితాల పేపరు ముందు రైల్వే స్టేషన్‌కే వస్తుందని తెల్లవారగానే స్నేహితురాలితో నడిచిపోయి, ప్లాట్‌ఫారం మీదే నంబరు వెతుక్కున్నాను. ఉంది. మళ్లీ చూశాను. ఉంది! మైసూర్‌పాకు పొట్లం కట్టించుకొని, మా వీధి వైపు పోయే మొదటి టౌను బస్సు ఎక్కేశాను. అడక్కపోయినా కండక్టరుకు చెప్పేశాను, పాసయ్యానని.

అసలు ఆ బస్సు రావడానికి కారణమూ నేనే. మా వీధి అప్పట్లో అనంతపురానికి చిట్టచివర. అవతలంతా శనక్కాయ చేలు. కాలేజీకి మూడు మైళ్లు నడవాలి. “ఆడబిడ్డ ఈ ఎండలో ఎంత దూరమని నడుస్తాదప్పా, బస్సు అడుగుదాం” అని నాయనే వీధినంతా కూడగట్టాడు. అర్జీ రాసింది నేను. కింద మొదటి వేలిముద్ర నాయనది.

బస్సొచ్చింది. మొదట్లో రోజుకు రెండే ట్రిప్పులు, పదింటికొకటి, సాయంత్రమొకటి. నాయన పనికి అడ్డం కాలేదు. పట్టుచీర నేయాలంటే ముందు పడుగు, అంటే నిలువు పోగులన్నీ, వీధి పొడవునా కొయ్యల మధ్య సాగదీసి కట్టి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి, ఆరాక చుట్టాలి. పొద్దున్నే మొదలుపెడితే తొమ్మిదికల్లా అయిపోయేది.

కానీ బస్సు వెనకే ప్లాట్లొచ్చాయి. చేలల్లో తెల్లరాళ్లు పాతారు. ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు ఇళ్లు కట్టుకున్నారు. ఇళ్లు పెరిగేకొద్దీ ట్రిప్పులూ పెరిగాయి. నేనెక్కింది ఆ రోజే కొత్తగా వేసిన ఎనిమిది గంటల ట్రిప్పు. మా వీధిలో ఎవరికీ తెలియదు.

మలుపు తిరగ్గానే బ్రేకు పడింది. ఎదురుగా మా పడుగు. ఎవరిదో పెళ్లిచీర కోసం వేసిన ఎర్రపట్టు, గంజి తడితో మెరుస్తూ వీధి ఆ కొస దాకా.

“ఏమప్పా, రోడ్డంతా నీ దారమేనా? తీయప్పా!” కండక్టరు దిగి అరిచాడు.

“ఇంగ అర్ధగంటన్నా. తడి ఆరల్యా. ఇప్పుడు చుడితే అంతా అతుక్కుంటాది” అన్నాడు నాయన, కుంచె చేతిలోనే ఉంది.

వీధి అవతల, ప్లాట్ల దగ్గరున్న చివరి స్టాపులో ఎదురుచూసి విసిగిన ఒకాయన నడిచొచ్చాడు. “ఆఫీసుకు లేటైతే మా సారుకు నువ్వొచ్చి చెప్తావా? బస్సుండాదనే కదా ఈడ ఇల్లు కట్టినాము!”

“మీరే అర్జీ పెట్టి తెప్పించుకొన్న్యారంట గదా పెద్దాయనా! ఇప్పుడు మీరే అడ్డమా?” అన్నాడు కండక్టరు. బస్సులో అందరూ నవ్వారు. ఫుట్‌బోర్డు మీద నేను నిలబడే ఉన్నాను. ఆ అర్జీ ఎవరి దస్తూరో వాళ్లకెవరికీ తెలియదు.

నాయన కుంచె పక్కన పెట్టాడు. కొయ్యలు ఊడబెరికి, తడి పడుగు అట్లే చుట్టేశాడు. నేను దిగాక బస్సు పోయింది. పొట్లం పట్టుకొని నిలబడిపోయాను.

“ఏమైందిమ్మా, నంబరుండాదా?”

“ఉండాది నాయనా. పాసైనా.”

ఆయన చేతుల నిండా గంజి. నోరు తెరిచాడు. ఒక ముక్క నోట్లో పెట్టాను. “నా బిడ్డ బి.ఏ. పాసైనాదప్పో!” అని వీధంతా వినపడేలా అరిచాడు. ఆ తర్వాత వారం రోజులు అమ్మా ఆయనా అతుక్కున్న పోగులు విడదీస్తూ, తెగినవి ముడేస్తూ కూర్చున్నారు. ఆ పెళ్లికి చీర అందలేదు.

అప్పటినుంచి పడుగు ప్లాట్లవతలి బండిబాటకు మారింది. పోగులకు తగలకూడదని నాయన ఆ బాటలో రాళ్లేరాడు, కంప కొట్టాడు, గుంతలు పూడ్చాడు, వాకిలి ఊడ్చినట్టు ఊడ్చాడు. రెండేళ్లకు, బస్సు పొడిగించడానికి దారి చూడవచ్చినవాళ్లకు అంతకన్నా మంచి బాట కనిపించలేదు. తిన్నగా, చదునుగా, సిద్ధంగా ఉంది మరి. బస్సు ఆ బాట పట్టింది. దాని వెనకే మళ్లీ ప్లాట్లు. అంతకవతల ఇక గుట్టే, పడుగు పరచడానికి చోటు లేదు.

“తొమ్మిదిలోపల బస్సు వద్దని అర్జీ రాయమ్మా” అన్నాడు నాయన.

రాశాను, ఈసారి ఇంకా మంచి భాషలో. వీధిలో ఎవరూ సంతకం పెట్టలేదు. “మా పిల్లోడు ఎనిమిది బస్సుకే కదన్నా చదువుకు పోయేది. ఏమనుకోవాకు” అన్నాడు పక్కింటి నేతగాడే.

ఇక మిగిలింది మేమిద్దరమే. ఒక పొద్దున నాయన వేలిముద్ర వేసి కాగితం నా వైపు జరిపాడు. పెన్ను మూత తీశాను. అప్పటికి నాకు టౌన్లో ఉద్యోగమొచ్చి ఆరు నెలలు. నేనూ ఎనిమిది బస్సుకే పోతున్నాను.

నాయన కాగితం వెనక్కి తీసుకున్నాడు.

“నువ్వు పెట్టాకులేమ్మా. టైమైంది, బస్సొస్తాది. పో.”