‘దూరమా’ అని అడగాలి

నిన్న కొత్త కారెక్కి మీట నొక్కానో లేదో, లోపలి నుంచి ఒక తీయని ఆడగొంతు "ఎక్కడికి వెళ్దాం?" అంది. పక్కనున్న నా భార్య మురిసిపోయింది. నేను మాత్రం మీట మళ్లీ నొక్కి బండి ఆపేశాను. సులోచనమ్మగారు గుర్తొచ్చారు.

కడప కోర్టులో ఆమె దగ్గర జూనియర్‌గా చేరిన కొత్తలో, ఓ రోజు ఆమె ఫైళ్లు సర్దుకుని బయల్దేరుతుంటే "యాడికి మేడం?" అన్నాను. ఆమె చెప్పులు విడిచి మళ్లీ కుర్చీలో కూర్చున్నారు. "బయల్దేరినోళ్లను యాడికి అంటారా అప్పా? దూరమా అని అడగల్ల. చెప్పేదీ చెప్పనిదీ వాళ్లిష్టం" అని, మంచినీళ్లు తాగాక గానీ కదల్లేదు. ఇంత చదివిన మనిషికి ఈ శకునాల పిచ్చేమిటని లోలోపల నవ్వుకున్నాను. అది మర్యాదని తెలియడానికి పద్మజ రావలసి వచ్చింది.

పద్మజ రాజంపేటలో నర్సు. మొగుడు కొట్టిన దెబ్బలతో, తన జీతం పెట్టి కొన్న కారులో మా ఆఫీసుకొచ్చింది. మేడం ఆమెను అదే కారులో ఆలూరుకు, తన చెల్లెలింటికి పంపారు. ఆ సంగతి నాకు కూడా చెప్పలేదు. మూడో కంటికి తెలియదని ఆమె ధీమా.

మర్నాడు మధ్యాహ్నం మేడం ఫోను మోగింది. స్పీకరులో ఆ మొగుడి గొంతు నింపాదిగా వినబడింది. "ఆలూరులో మీ చెల్లెలింటి ముందర ఉండా మేడం. మా కారు ఈడే ఉండాది. తలుపు తీయమని చెప్పండి."

మేడం ఫోను పెట్టేసి, తడబడుతూ చెల్లెలికీ ఆలూరు పోలీసులకూ ఫోన్లు చేశారు. అంతటి మనిషి భయపడటం నేను చూడటం అదే మొదలు. చెల్లెలు తలుపు తీయలేదు, పోలీసులు సమయానికి వచ్చారు, పద్మజ బతికిపోయింది.

తీరా చూస్తే, కారు కొన్ననాడు షోరూములో ఇచ్చింది అతని ఫోను నంబరట. బండి ఎక్కడ తిరిగినా, ఎక్కడ ఆగినా అతని ఫోనులో కనబడుతుంది. మేడం నన్ను వెంటబెట్టుకుని షోరూముకు వెళ్లారు.

"కారు ఆయమ్మది. దాంట్లోంచి ఆయన నంబరు తీసేయండి" అన్నారు.

"అట్లే మేడం. సారు ఫోనుకు కోడ్ వస్తాది, అది కనుక్కొని చెప్పండి" అన్నాడు మేనేజరు, ఎంతో వినయంగా.

"కొట్టినోణ్ణి అడిగి తప్పించుకోవల్లనా?"

ఎవరి సమాచారం వాళ్లదేనని చట్టం చెబుతోంది. కారులో కూర్చున్న మనిషిని మాత్రం ఎవరూ ఒక్క మాట అడగలేదు. కారు కంపెనీ మీద కేసు వేసి, కోర్టులో మేడం వాదించిందీ అదే. బయల్దేరే మనిషిని ఇంట్లోవాళ్లమే ఎక్కడికని అడగమే, అడగకుండానే ఊరికి చాటే హక్కు ఈ బండికెవరిచ్చారన్నారు. గెలిచారు. అయినా పద్మజ మళ్లీ ఆ కారెక్కలేదు. డ్యూటీకి బస్సులో పోయేది.

మేడం పోయాక ఆ ఆఫీసు నాకు మిగిలింది. దెబ్బలతో ఆడమనిషి ఎవరొచ్చినా, ఏం జరిగిందని తర్వాత అడుగుతాను. ముందు "ఏ బండిలో వచ్చినావమ్మా? అది ఎవరి ఫోనులో ఉండాది?" అంటాను. చాలామంది తెల్లబోయి, కిటికీలోంచి తమ బండి వైపు చూస్తారు.