నకిలీ బిళ్ల కావాలన్న మస్తాన్ భాయ్

ఉమ్ అల్ క్వైన్ పోయే బస్సుల నా పక్కన కూర్చున్న నెల్లూరు మస్తాన్ భాయ్ ఒక ఇత్తడి బిళ్ల అంచును గోటితో తడుముతుండు. బంగారమా అని అడిగిన.

"కాదబ్బయా. అమెరికాలో బంగారం కోసం జనం ఎగబడ్డ కాలంలో, సారాకొట్లో ఇదిస్తే ఒక గ్లాసు పోసేవాళ్లంట. అసలుదైతే అచ్చు గుద్దుతారు. నకిలీది పోత పోస్తారు, అంచున అతుకు గీత ఉంటది. కరామా బజార్లో నకిలీదే కావాలని చెప్పి మరీ కొన్నా. ఇదిగో గీత."

నకిలీదని సంబరపడే మనిషిని దుబాయ్ వచ్చినంక అప్పుడే చూసిన.

"మా ముదీర్‌కి, అదే మేనేజర్‌కి, ఇవంటే పిచ్చి. నకిలీది ఇస్తే, ఎట్లా కనిపెట్టాడో గంటసేపు చెప్పి, ఆ ఊపులో సెలవు చీటీ మీద సంతకం పెడతాడు. పోయినసారి మాతో పనిచేసే రఫీ తెలీక అసలుది ఇచ్చాడు. తప్పు దొరక్క ముదీర్ మొహం మాడింది. రఫీ ఇంకా ఈడనే ఉన్నాడు. వచ్చే వారం మా చెల్లి నిఖా, నేను పోవాల."

"ఏదీ చూడనీ," అని తీసుకొని అంచు మీద రుద్దిన. గీత మొత్తం జిడ్డై నా గోట్లకొచ్చింది.

"నిన్ను మోసం చేసిన్రు భాయ్," అన్న. "ఇది అసలుది."

మస్తాన్ భాయ్ నా గోరు దిక్కు చూసిండు. తర్వాతి స్టాపుల దిగి, అసలుది అంటగట్టిన దుకాణపోడితో కొట్లాడనీకి ఉరికిండు.