కళ్ళు తెరిచిన సీతాఫలం

నేను బొమ్మలు వేసిన మొదటి పుస్తకం ఒక్క సీతాఫలం దగ్గర ఆగిపోయింది. ఇంటర్ వృక్షశాస్త్రం గైడుకి నలభై బొమ్మలు గీస్తే ముప్పై తొమ్మిది నచ్చాయి. పండిన సీతాఫలాన్ని మాత్రం ఆ గైడు రాసిన దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ మాస్టారు రెండుసార్లు తిప్పి పంపారు. "అందంగానే ఉందండీ, కానీ ఇది పచ్చికాయ. రేపు పన్నెండుకి పేజీలు ప్రెస్సుకి వెళ్తాయి. మీది రాకపోతే పాత పుస్తకంలో బొమ్మే వేసేస్తాను" అన్నారు. ఒళ్ళు మండింది. రంగే లేని గీతల బొమ్మలో పచ్చేమిటి, పండేమిటి?

అదేదో పండ్లమ్మేవాళ్ళనే అడుగుదామని మర్నాడు పొద్దున ఆరున్నరకి మీర్‌పేట్‌లో బయల్దేరాను. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె, బస్సులు లేవు. ఎల్బీనగర్‌కి షేర్ ఆటో ఇరవై రూపాయలు, మామూలుగా పదే. అక్కడ సమ్మెవాళ్ళు వంటావార్పుకి నడిరోడ్డు మీద పొయ్యిరాళ్ళు పేరుస్తున్నారు. "ఇగ బండి ముంగటికి పోదు మేడమ్, జర నడువుండ్రి" అన్నాడు డ్రైవర్. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌కి ముప్పావు గంట నడిచాను.

పాలమూరు సీతాఫలాల గంపల ముందు యాదమ్మ అనే ఆవిడ కూర్చుని ఉంది. బొమ్మ చూపించగానే పకపకా నవ్వింది.

"కండ్లన్నీ మూసినవ్ కద బిడ్డా! గిది పండెట్లయితది?"

పైనున్న బుడిపెల్ని వాళ్ళు కళ్ళంటారు. రెండు కాయలు పక్కపక్కన పెట్టింది. పచ్చిదాంట్లో కళ్ళు ఒరుసుకుని ఉన్నాయి. పక్వానికొచ్చినదాంట్లో వాటి మధ్య సందులు విచ్చుకుని తెల్లబారాయి. నేనేమో చేప పొలుసుల్లా అన్నీ దగ్గరగా, ఒకే కొలతలో గీశాను, ముచ్చటగా ఉంటుందని!

"లోపట తొన ఉబ్బితె కన్ను ఇచ్చుకుంటది" అంది. ఒక్కో కన్నూ లోపల గింజ ఉన్న ఒక్కో ఫలదళమని గైడులో ఉన్న పాఠం అప్పుడు నాకు తలకెక్కింది.

బోర్లించిన గంప మీద కూర్చుని పదకొండు దాటేదాకా గీశాను. సందు ఇరుకైన చోటల్లా యాదమ్మ వేలు పెట్టి చూపించింది.

దిల్‌సుఖ్‌నగర్‌కి ఇంకో ఇరవై నిమిషాల నడక. పావు తక్కువ పన్నెండుకి మాస్టారు భూతద్దం పట్టారు.

"ఇదండీ పండంటే! సందుల సంగతి ఎవరు చెప్పారు?"

చెప్పాను. బొమ్మ కింద నా పేరు రాసి, పక్కనే యాదమ్మ పేరూ రాశారు. మెట్లన్నీ గెంతుకుంటూ దిగాను.

చెయ్యి తిరిగితే చాలనుకున్నాను ఇన్నాళ్ళూ. మాస్టారి శాస్త్రానికీ నా బొమ్మకీ ముందు కావలసింది యాదమ్మకున్న చూపు. మీరూ పండ్ల మార్కెట్‌కి వెళ్తే ఎనిమిదిలోపే చేరండి, ఎండెక్కితే మంచి గంపలు ఖాళీ అయిపోతాయి. కాయని మాత్రం నొక్కకండి. నేను నొక్కబోతే యాదమ్మ చేతి మీద ఒక్కటేసింది.

"కండ్లు తెరిచి నిన్నే సూస్తుంది కద, పిసుకుడెందుకు?"