ఎద్దుల జోలికి రాని సైన్యాలు

ఇది రాసి పెట్టకపోతే ఆ ఎద్దులు ఆ ఆటలోకి ఎలా వచ్చాయో ఎవరికీ తెలియదు. ఆట అయిపోయాక తెర మీద పైకి కదిలే పేర్ల వరుసలో ఆ సంగతి లేదు. చిలకలగూడలో మేము పనిచేసిన రెండో అంతస్తులో ఇప్పుడు కుట్టు మిషన్లు తిరుగుతున్నాయి. కింద నడుస్తూ ఆ చప్పుడు వింటే నాకు మాత్రం మౌస్ టకటకలే గుర్తొస్తాయి.

నేను పెద్ద చదువులు చదవలేదు. నాకు తెలిసిన చరిత్రంతా గ్రంథాలయంలో, ఫ్యాను కింది బల్ల దగ్గర చదువుకున్నదే. ఆ మాట ఇప్పటికీ గర్వంగానే చెప్పుకుంటాను. కంప్యూటర్లో ఆడే ఒక యుద్ధవ్యూహాల ఆటకు దక్కన్ కథలతో కొత్త భాగం చేర్చుతూ, చరిత్ర చెప్పడానికి నన్ను పెట్టుకున్నారు. అందులో ఒక్కో ఘట్టాన్ని మిషన్ అంటారు. వాటిని కూర్చే మేడమ్‌కు కోటల కథలు చాలా చెప్పాను గానీ, నా మనసంతా ఒకదాని మీదే ఉండేది. సైన్యాలకు ధాన్యం మోసిన లంబాడీల ఎద్దుల బిడారు. తిండి ఇద్దరికీ కావాలి కాబట్టి ఏ పక్షమూ వాళ్ల జోలికి వెళ్లేది కాదని చదివాను. ఆ బిడారును రెండు సైన్యాల నడుమ నుంచి దాటించడమే నా మిషన్. ఎద్దుల పక్కన ఆయుధం కనిపిస్తే మాత్రం రెండు వైపులవాళ్లూ దాడి చేస్తారు.

మేడమ్ ముచ్చటగా కూర్చారు. ఆటను ముందే ఆడి చూసి తప్పులు వెతికే కుర్రాడు, నేను తమ్ముడని పిలిచేవాడు, ప్రతిసారీ ఓడిపోయేవాడు. మొదలవగానే సిపాయిలను పోగేసి ఎద్దుల చుట్టూ నిలబెట్టేవాడు. బాణాలు కురిసేవి.

"మిషన్‌కు ముందు నేను రాసిన పేజీ చదివినవా తమ్మీ?"

"ఎవడు చదువుతడన్నా? అది అయ్యేసరికి నా గడ్డం నెరుస్తది. స్కిప్ కొట్టిన."

మేడమ్ నవ్వలేదు. "పేజీ చదివితేనే అర్థమయ్యేది మిషన్ కాదండీ. సాయంత్రంలోపు తను గెలవకపోతే తీసేస్తాను. మీరు మాత్రం ఏమీ చెప్పకండి."

నా పేజీ తీసేయమన్నాను. చెయ్యి నరుక్కున్నట్టే అనిపించింది. దాని చోట, బిడారు ముందు నడిచే అవ్వతో ఒక్క మాట అనిపించాం: "నా ఎద్దుల పక్కన కత్తి నడవద్దు బిడ్డా."

"అవ్వలు గట్లనే అంటరు," అని తమ్ముడు మళ్లీ సిపాయిలను పెట్టాడు. మళ్లీ ఓడిపోయాడు. కిటికీలో ఎండ వాలుతోంది. విసుగొచ్చి నా వైపు తిరిగాడు.

"ఇది గెలిచేది కాదన్నా. జెర చూడు, అవ్వ చెప్పినట్టే సిపాయిలను వెనక్కి తోల్త. ఎద్దులు మొత్తం చస్తయ్. అప్పుడన్న ఒప్పుకుంటవ్."

సిపాయిలు వెళ్లిపోయారు. ఎద్దులు గంటలు మోగించుకుంటూ నడిచాయి. ఎక్కుపెట్టిన విల్లులు ఒక్కొక్కటే కిందికి దిగాయి. తమ్ముడు మౌస్ మీంచి చెయ్యి తీసేశాడు.

"ఏందన్నా ఇది? ఒక్కడు సుత కొడ్తలేడు!"

"ధాన్యం వాళ్లకు సుత గావాలె గదరా."

"గీ ముచ్చట ముందే చెప్పొచ్చు గదా!"

"పేజీల రాసిన."

అప్పుడు నవ్వారు మేడమ్. మిషన్ ఉండిపోయింది.

పేర్లు రాస్తే కోప్పడతారు కాబట్టి రాయను. మూసే వేళ దాటినా నన్ను లేపని గ్రంథాలయం అమ్మకు, నా ఎద్దులకు దారి వేసిన మేడమ్‌కు రుణపడి ఉన్నాను. అల్వాల్‌లో ఉంటూ, ఫోన్ చేసినప్పుడల్లా "అవ్వ మంచిగున్నదా?" అని అడిగే తమ్ముడికి ఇంకా ఎక్కువ. ఆ రోజు అతను నా పేజీ చదవనందుకు.